ఉక్కు–కాంక్రీటు మిశ్రమ దూలాల కంప్యూటర్ నమూనా

ఉక్కు దూలం, దానిపై పోసిన కాంక్రీటు స్లాబు ఒక్కటై బరువు మోస్తే దాన్ని మిశ్రమ దూలం అంటారు. మధ్య భాగంలో స్లాబు ప్రధానంగా సంపీడనాన్ని, ఉక్కు తన్యతను భరిస్తాయి. రెంటినీ కలిపేవి ఉక్కు పై అంచుకు వెల్డింగ్ చేసిన స్టడ్లు.

నమూనా తయారీలో అసలు కష్టం ఈ స్టడ్ల దగ్గరే. భారం పెరిగేకొద్దీ అవి వంగుతాయి, స్లాబు ఉక్కు మీద కొద్దిగా జారుతుంది. పరిశోధకులు న్యూమార్క్, సీస్, వీస్ట్‌లు 1951లో ఈ జారుడును సమీకరణాల్లోకి తెచ్చారు. అయితే వారి సిద్ధాంతం స్థితిస్థాపక దశకే పరిమితం. కాంక్రీటు పగుళ్లు, ఉక్కు శాశ్వత వంపు లెక్కలోకి తేవడానికి సాధారణంగా దూలాన్ని చిన్న చిన్న మూలకాలుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిని వాడతారు. అబాకస్, ఆన్సిస్ వంటి సాఫ్ట్‌వేర్లలో స్లాబును సాధారణంగా ఘన మూలకాలుగా, ఉక్కును పలుచని షెల్ మూలకాలుగా, స్టడ్లను అరేఖీయ స్ప్రింగులుగా చూపుతారు. స్ప్రింగుల గుణానికి ఓల్‌గార్డ్, స్లట్టర్, ఫిషర్‌లు 1971లో ప్రకటించిన భారం–జారుడు వక్రరేఖను నేటికీ విరివిగా వాడతారు.

ఫలితాలను ప్రయోగాలతో పోల్చనిదే నమ్మకూడదు. చాప్‌మన్, బాలకృష్ణన్‌ల 1964 నాటి దూలాల పరీక్షలు ఇందుకు ప్రసిద్ధ కొలమానం. నడిమి వంపు సరిపోతే చాలదు, దూలం చివర జారుడూ సరిపోవాలి.