పెట్టె మీది చీటీ

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి, ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసినాడు. మైక్రోఫోను లేని కాలమది. పెద్ద కొమ్ములోనికి గొంతెత్తి పాడవలసి ఉండేది. పాట ముగియగానే ఆమె తన పేరు గౌహర్ జాన్ అని ఇంగ్లీషులో ఒక్క మాట పలికినది. ఆ రికార్డు విన్నవారు పాటనైనా మరతురుగాని ఆ పలుకును మరువరు. అది గాయని దర్పమని కొందరి తలంపు. కాని ఆ మాటకు ఒక పని ఉన్నది. మూల ఫలకాలు సముద్రం దాటి జర్మనీలోని హానోవరుకు పోవలె; అచ్చు వేయడమంతా అక్కడనే. ఆ పనివారికి మన భాషలు తెలియవు. ఏ ఫలకం ఎవరిదో గుర్తించడానికి పాట చివరి మాటయే వారికి ఆధారం.

రికార్డుతో కలిసి ప్రయాణం చేసే ఇట్టి సమాచారాన్ని నేటి ప్రసార సాంకేతికులు మెటాడేటా అంటున్నారు. మనం చీటీ అంటే చాలును. అయితే ఈ చీటీ ఎవరి పాట అనేది మాత్రమే చెబితే సరిపోదు. దానిని ఎట్లా వినవలెనో, ఎట్లా చూడవలెనో కూడా చెప్పవలె. తొలినాటి ఫలకాలన్నీ నిమిషానికి 78 చుట్ల వేగంతోనే తయారైనవి కావు. 72 చుట్లతో చెక్కిన ఫలకాన్ని 78 చుట్లతో తిప్పితే శ్రుతి ఒక స్వరస్థానానికి మించి పైకెక్కుతుంది. వేగం వ్రాసిపెట్టని చోట, ఆ విద్వాంసుడు ఏ శ్రుతిలో పాడినాడని వాదించుకోవడం వృథా.

ధ్వనికే ఇంత చిక్కు ఉండగా, దృశ్యం వచ్చి చేరినది. 1956లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ టెలివిజన్ దృశ్యాన్ని రెండంగుళాల వెడల్పు గల అయస్కాంతపు టేపు మీద నిలిపినది. సినిమా ఫిల్మును వెలుతురుకు పట్టి చూస్తే బొమ్మ కనబడుతుంది. ఈ టేపును ఎంత చూచినా గోధుమరంగు పట్టీయే. దానిని అతికేవారు సన్నని ఇనుప రజను కలిపిన ద్రవం పూసి, భూతద్దంతో గుర్తులు వెదకి కత్తిరించేవారు. ఈ అవస్థ తీరడానికి 1967లో కాలిఫోర్నియాలోని ఒక ఎలక్ట్రానిక్స్ సంస్థ ప్రతి ఫ్రేముకు గంట, నిమిషం, సెకండు, ఫ్రేము సంఖ్య కలిపి ఒక చిరునామా ఇచ్చినది. అదే టైంకోడు.

ఇక్కడ ఒక విచిత్రమున్నది. అమెరికాలో టెలివిజన్ సెకండుకు 30 ఫ్రేములు చూపేది. 1953లో రంగులు ప్రవేశపెట్టినప్పుడు, రంగుల సంకేతమూ ధ్వని సంకేతమూ ఒకదానికొకటి తగిలి తెరమీద మచ్చలు తేలకుండుటకై ఆ వేగాన్ని వెయ్యింట ఒక వంతు తగ్గించినారు. 30 కాస్తా 29.97 అయినది. చూపరులకు భేదం తెలియదు. గడియారానికి తెలుసును. ఫ్రేములను 30 చొప్పున లెక్కబెట్టుకొంటూ పోతే, లెక్కలో గంట నిండేసరికి గోడ గడియారం 3.6 సెకండ్లు ముందుంటుంది. అనగా 108 ఫ్రేములు. దీనికి సాంకేతికులు కనిపెట్టిన ఉపాయం ఇది: ప్రతి నిమిషం మొదట రెండు సంఖ్యలను దాటవేయుట, పదేసి నిమిషాలకొకసారి మాత్రం దాటవేయకుండుట. గంటకు 54 మార్లు రెండేసి, మొత్తం 108. బొమ్మ ఒక్కటి కూడా పోదు, సంఖ్యయే పోతుంది. పంచాంగంలో క్షయతిథి వచ్చినప్పుడు తిథి దాటిపోయినా రోజు మాయం కానట్లే. లెక్క ఏ పద్ధతిదో తెలుపుటకు టైంకోడులోనే ఒక చిన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తు తప్పితే గంట కార్యక్రమం 3.6 సెకండ్లు తేడా పడుతుంది. మూడున్నర సెకండ్లేగదా అని ఇంట్లో కూర్చున్నవారు అనుకోవచ్చును. వార్తల వేళకు ఎదురుచూచే అనౌన్సరును అడిగి చూడండి!

విద్యుత్తు సెకండుకు 50 ఆవృత్తులతో నడిచే మన దేశంలో టెలివిజన్ 25 ఫ్రేములతో సాగినది గనుక ఈ బాధ మనకు తప్పినది. మరొకటి తప్పలేదు. దూరదర్శన్ రంగులు ధరించిన 1982లోనే అంతర్జాతీయ రేడియో సలహా సంఘం దృశ్యాన్ని అంకెలుగా మార్చే పద్ధతికి ప్రమాణం నిర్ణయించినది. దాని ప్రకారం మన బొమ్మ 576 గీతలు, గీతకు 720 బిందువులు. తరువాత వెడల్పు తెరలు వచ్చినవి. నాలుగుకు మూడు వంతున ఉన్న పాత బొమ్మకూ, పదహారుకు తొమ్మిది వంతున ఉన్న కొత్త బొమ్మకూ అవే గీతలు, అవే బిందువులు! ఏది ఏ ఆకారమో బొమ్మను బట్టి యంత్రం చెప్పలేదు, చీటీ చెప్పవలసినదే. ఎంపెగ్-2 పద్ధతిలో ఎన్‌కోడింగు చేసిన ఫైలులో ఆ చీటీ ఒక్క అంకె: 2 ఉంటే పాత ఆకారం, 3 ఉంటే కొత్తది. 2 ఉండవలసిన చోట 3 పడితే నర్తకి ముఖం మూడో వంతు వెడల్పవుతుంది, పూర్ణచంద్రుడు కోడిగుడ్డవుతాడు.

రంగులకూ అట్టి చీటీయే. 1982 నాటి సూత్రం వేరు, హెచ్.డి. కోసం 1990లో వచ్చిన సూత్రం వేరు. ఒకదానిని మరొకటిగా చదివితే ఎరుపులు, పచ్చలు పక్కకు జరుగుతవి. ఫ్రేములోని బేసి గీతలు ముందో సరి గీతలు ముందో తప్పు చెబితే, పరుగెత్తే మనిషి ముందుకూ వెనుకకూ అదురుతాడు.

చీటీ మాత్రమే తప్పయితే దిద్దడం సులభం, బొమ్మను ముట్టనక్కరలేదు. కాని ఆ తప్పును నమ్మి ఎవరైనా బొమ్మను సాగదీసి కొత్త ఫైలుగా ఎన్‌కోడింగు చేసి, పాతదానిని చెరిపివేస్తేనో? పోయిన సన్నదనం మళ్లీ రాదు. పైగా 2004లో ప్రమాణమైన ఎం.ఎక్స్.ఎఫ్. వంటి సంచులలో లోపల ఒక చీటీ, పైన ఒక చీటీ ఉంటవి. రెండూ ఏకీభవించనప్పుడు ఒక యంత్రం లోపలిదానిని నమ్ముతుంది, మరొకటి పైదానిని. ఒక చోట సరిగా కనబడిన బొమ్మ మరొక చోట వికారమవుతుంది. లోపం ఎవరిదో తేలదు.

నేను పనిచేసిన ఒక కేంద్రంలో పాత టేపులను ఫైలులుగా మార్చుతుండగా చీటీ ఊడిపోయిన పెట్టె ఒకటి దొరికినది. లోపల ఒక ముసలమ్మ దంపుడు పాట. రోకటిపోటు కూడా స్పష్టంగా వినబడుతున్నది. పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. ఒక సహోద్యోగి యాసను బట్టి ఊరును ఊహించి వ్రాద్దామన్నాడు. వ్రాయలేదు. టేపు వేగమూ, ఫైలు తయారైన తేదీయూ నింపి, పేరు గడి ఖాళీగా ఉంచినాము. అది నేటికీ ఖాళీగానే ఉన్నది.