పల్లపు నీళ్లు, కొంగల మేత: కడప సీమలో ఆరున్నర శతాబ్దాలు

వాన తక్కువైన కడప సీమలో కొంగలకు మేత దొరికిందంటే అది చాలావరకు మనుషులు కట్టిన చెరువుల చలవే. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో తవ్వించిన పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, తప్పించాల్సిన ఆరు దోషాలనూ చెబుతుంది. ఇలాంటి చెరువుల్లో నీరు కట్ట దగ్గర లోతుగా, ఎగువన పల్చగా ఉంటుంది. ఎండాకాలంలో నీరు తగ్గేకొద్దీ చేపలూ నత్తలూ మడుగుల్లో ఇరుక్కుంటాయి. కొంగలు దిగేది అక్కడే.

ఎర్రకాళ్ల కొంగ ముక్కు సగం తెరిచి నీటిలో ముంచి, అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తుంది. కాలితో బురద కెలుకుతుంది, రెక్క విప్పి చేపలను బెదరగొడుతుంది. చేప తగలగానే ముక్కు టక్కున మూసుకుంటుంది. వేట స్పర్శతోనే కాబట్టి నీరు ఎంత మురికైనా దానికి ఇబ్బంది లేదు. గుడ్డికొంగ ఒడ్డున కదలకుండా కాచుకుంటుంది. ఉల్లంకి పిట్టలు తడి బురదలో ముక్కు గుచ్చి పురుగులు తీస్తాయి. ఏ పక్షి ఎంత లోతుకు దిగగలదో దాని కాళ్లే చెబుతాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన కర్నూలు-కడప కాలువ ప్రొద్దుటూరు వైపు వరిమళ్లను పెంచింది. దమ్ము చేసిన మడి కొంగలకు కొత్త మేతస్థలం అయింది. ఆ తరవాత జమ్మలమడుగు దగ్గర మైలవరం, గండికోట జలాశయాలు, పులివెందులకు నీరిచ్చే చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు వచ్చాయి. గండికోట ఒక్కటే 26.85 టీఎంసీలు పడుతుంది. రైతుకు ఇది పెద్ద వరం. అయితే దాని నిటారు రాతిగోడల మధ్య నిలిచిన లోతునీళ్లు మునిగి వేటాడే నీటికాకులకు సరిపోతాయి, నడిచి మేసే కొంగలకు వెనకనీటి అంచులే గతి. ఇక చెరువుల్లో పూడిక తీసేటప్పుడు అంతా ఒకే లోతుకు తవ్వితే ఎగువన ఉండే పల్చని అంచూ పోతుంది.

చట్టం ఇక్కడ వెనకడుగు వేసింది. 2010 చిత్తడి నేలల నిబంధనలు మనుషులు కట్టిన చెరువులనూ లెక్కలోకి తీసుకున్నాయి. సాగుకూ తాగునీటికీ కట్టినవాటిని 2017 నిబంధనలు మినహాయించాయి. సీమ చెరువులన్నీ దాదాపు ఆ కోవలోవే. 1972 వన్యప్రాణి చట్టం పక్షిని కాపాడుతుంది గానీ, అభయారణ్యం కాని చోట దాని మేతస్థలాన్ని కాపాడదు. 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి కోసం లంకమలలో అభయారణ్యం వెలిసింది గానీ, ఆ కోడి మెట్ట పొదల పక్షి. చెరువు పక్షులకు జిల్లాలో అలాంటి ఆసరా లేదు.

పక్క జిల్లాలోని చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి చెట్లపై గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను గ్రామస్తులే కాపాడుతున్నారు. గూట్లోని పిల్లలకు తల్లిదండ్రులు తెచ్చే చిన్నచేపలు మాత్రం చుట్టుపక్కల చెరువుల్లోంచి రావాల్సిందే.