గణాంకాల జాల ప్రదర్శన

గణాంకాల జాల ప్రదర్శన అనగా జనాభా, అక్షరాస్యత, పంటల దిగుబడి వంటి గణాంకాలను వెబ్‌సైటులో పటాలు, రేఖాచిత్రాల రూపంలో ఉంచి, పాఠకుడు తనకు కావలసిన ప్రాంతాన్ని, సంవత్సరాన్ని, అంశాన్ని తానే ఎంచుకొని చూడగలిగేలా చేసే విధానం. అచ్చు పుస్తకంలోని పట్టిక అందరికీ ఒకే విధంగా కనిపిస్తుంది. ఇందులో పాఠకుడి ఎంపికను బట్టి చిత్రం మారుతుంది.

చరిత్ర

స్వీడన్‌కు చెందిన వైద్యుడు హాన్స్ రోస్లింగ్, ఆయన కుమారుడు ఓలా, కోడలు అన్నా కలిసి ట్రెండలైజర్ అనే సాఫ్టువేరును రూపొందించి, 2005లో గ్యాప్‌మైండర్ సంస్థను స్థాపించారు. ఇందులో ఒక్కొక్క దేశం ఒక బుడగ. బుడగ పరిమాణం జనాభాను, దాని స్థానం ఆదాయాన్ని, ఆయుర్దాయాన్ని తెలుపుతాయి. సంవత్సరాలు మారేకొద్దీ బుడగలు కదులుతాయి. 2007లో గూగుల్ ఈ సాఫ్టువేరును కొనుగోలు చేసింది.

భారత ప్రభుత్వం 2012లో తన వద్దనున్న గణాంకాలను ప్రజలకు అందించే విధానాన్ని ప్రకటించి, అందుకోసం ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో రియల్ టైం గవర్నెన్స్ సొసైటీ ఏర్పడింది. ఆ కాలంలో ముఖ్యమంత్రి డాష్‌బోర్డు ద్వారా శాఖలవారీ గణాంకాలు ప్రజలకు కూడా కనిపించేవి.

సరిహద్దుల సమస్య: మొగల్తూరు ఉదాహరణ

ఇటువంటి ప్రదర్శనలో పొరపాటుకు ముఖ్య కారణం సరిహద్దుల మార్పు. మొగల్తూరు పశ్చిమ గోదావరి జిల్లాలోని మండల కేంద్రం. 2011 జనగణన నాడు ఏలూరు కేంద్రంగా ఉన్న ఈ జిల్లా జనాభా 39,36,966. 2022 ఏప్రిల్ 4న ఏలూరు ప్రత్యేక జిల్లా అయింది. మరికొన్ని మండలాలు తూర్పు గోదావరిలో చేరాయి. మిగిలిన భాగం భీమవరం కేంద్రంగా పాత పేరుతోనే కొనసాగుతున్నది. 2011 లెక్కల ప్రకారమే ఈ భాగపు జనాభా సుమారు 18 లక్షలు. పేరును మాత్రమే చూసి ఈ రెండు అంకెలను ఒకే రేఖపై చూపితే, ఒక్క మనిషి కూడా తగ్గకుండానే జిల్లా జనాభా సగానికి పైగా పడిపోయినట్లు కనిపిస్తుంది.

పరిష్కారం

గ్రామాన్ని మూల ప్రమాణంగా తీసుకొని, పాత అంకెలను కొత్త సరిహద్దుల ప్రకారం తిరిగి కూడాలి. గ్రామాలను పేరుతో కాక జనగణన కోడుతో గుర్తించాలి. మొగల్తూరు పేరునే ఆంగ్లంలో పలు విధాలుగా రాస్తారు కనుక, పేరుపై ఆధారపడితే కంప్యూటరు ఒకే ఊరిని వేర్వేరు ఊర్లుగా లెక్కించే ప్రమాదం ఉంది. ప్రతి చిత్రం కింద సంవత్సరాన్ని, ఏ నాటి సరిహద్దులను తీసుకున్నదీ తెలపాలి. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించారు. ఆ ఫలితాలను 2011 నాటి వాటితో పోల్చేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఇవి కూడా చూడండి

- మొగల్తూరు
- పశ్చిమ గోదావరి జిల్లా
- భారత జనగణన