భాస్వరం పాకే దూరం

ఈ పోస్టు కొంచెం పెద్దది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

నాలుగేళ్ల కిందట రబీలో మూడెకరాలు మొక్కజొన్న వేశాను. పైరు మోకాలెత్తు కూడా రాకముందే ఆకుల అంచులు ఊదారంగుకి తిరిగాయి. డిసెంబరు చలి. రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి చూడటం, మనసు చివుక్కుమనటం. ఎరువుల కొట్టాయన "భాస్వరం లోపం, డీఏపీ చల్లు" అన్నాడు. విత్తేముందు ఎకరానికి ఒక కట్ట చల్లే ఉన్నాను. మళ్లీ మూడు కట్టలు అప్పు మీద తెచ్చి పైపైన చల్లి నీళ్లు పెట్టాను. కట్ట 1,350 రూపాయలు, వడ్డీ నూటికి రెండు. ఊదారంగు పోలేదు. సంక్రాంతి దాటి ఎండలు ముదిరాక దానంతటదే పోయింది. దిగుబడి మాత్రం పోయిందే.

అసలు బాధ తర్వాత మొదలైంది. బీరువాలో కాగితాలు వెతుకుతుంటే భూసార పరీక్ష కార్డు దొరికింది. అందులో భాస్వరం దగ్గర "ఎక్కువ" అని ఉంది. నేలలో ఎక్కువుంటే మొక్క ఎందుకు ఆకలితో మాడింది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను చదివింది ఇంటర్ బైపీసీ. బోటనీ పుస్తకంలో "విసరణ" అని ఒక పాఠం ఉండేది. అధిక గాఢత నుంచి అల్ప గాఢతకి అణువులు కదలటం అని బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం, మర్చిపోయాం. నా ప్రశ్నకి జవాబు ఆ పాఠంలోనే ఉందని ముప్పై ఏళ్ల తర్వాత తెలిసింది. దాని చరిత్ర మీకు చెప్తాను.

బకెట్టు నీళ్లలో నీలిమందు చుక్క వేసి కదపకుండా వదిలేయండి. కాసేపటికి తీగలు తీగలుగా పాకి, చివరికి నీళ్లన్నీ లేత నీలం అవుతాయి. ఎవరూ తోయలేదు. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి అదే పోయింది. పొలంలో నీరు వాలుని బట్టి పారినట్టే, నీళ్లలో రంగు గాఢత వాలుని బట్టి పాకుతుంది. పుస్తకాల్లో దీన్ని గాఢతా ప్రవణత అంటారు. మనం వాలు అనుకుందాం.

దీన్ని ఓపిగ్గా కొలిచిన మొదటివాళ్లలో థామస్ గ్రాహం ఒకడు. 1805లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. ముందు గాలులు ఒకదాన్లో ఒకటి ఎలా కలుస్తాయో చూసి, 1833లో దాని సూత్రం ప్రచురించాడు. తర్వాత ద్రవాల మీద పడ్డాడు. ఉప్పు నీళ్ల సీసాని మంచినీళ్ల జాడీలో పెట్టి, కదపకుండా రోజుల తరబడి వదిలేసి, ఎంత ఉప్పు బయటికొచ్చిందో కొలిచేవాడు. నీళ్లలో ఉప్పు ఎంత ఎక్కువ కలిపితే అంత ఎక్కువ బయటికి వస్తోందని చూశాడు. లెక్కలైతే బోలెడు పోగేశాడు గానీ, వాటన్నిటి వెనకున్న ఒక్క నియమం ఆయన చేతికి చిక్కలేదు.

దాన్ని పట్టుకున్నవాడు అడాల్ఫ్ ఫిక్. జర్మనీలో కాసెల్ అనే ఊళ్లో 1829లో పుట్టాడు. లెక్కలంటే ఇష్టపడి, చివరికి వైద్యం చదివాడు. శరీరంలో పొరల గుండా నీరు, లవణాలు ఎలా పోతాయనేది ఆయన దిగులు. 1855లో, ఇంకా పాతికేళ్ల వయసులో, జ్యూరిక్‌లో పనిచేస్తూ ఆ నియమం రాశాడు. ఆయనకి దారి చూపింది వేడి. ఇనప కడ్డీ ఒక కొస నిప్పులో పెడితే రెండో కొసకి వేడి ఎలా పోతుందో ఫ్రాన్సులో ఫోరియే 1822లోనే లెక్క కట్టాడు. వేడి ఎలా పోతుందో ఉప్పూ అలాగే పోతుంది అన్నాడు ఫిక్. వాలు ఎంత నిటారుగా ఉంటే పాకుడు అంత వేగం. వాలు చదునైతే పాకుడు ఆగిపోతుంది. అంతే నియమం.

మాట చెప్పి ఊరుకోలేదు. గొట్టం అడుగున ఉప్పు గడ్డలు పెట్టి, పై కొసని మంచినీళ్లలో ఉంచాడు. కింద ఎప్పుడూ చిక్కటి ఉప్పునీరు, పైన ఎప్పుడూ మంచినీరు. వారాల తరబడి ఆగాక, త్రాసుకి వేలాడదీసిన చిన్న గాజు బుడ్డిని గొట్టంలోకి దించుతూ ఏ ఎత్తులో నీళ్లు ఎంత బరువున్నాయో తూచాడు. కింది నుంచి పైకి ఉప్పు సమానంగా, గీత గీసినట్టు తగ్గుతూ వచ్చింది. సాఫీ వాలు!

ఇప్పుడు మన రైతులకి పనికొచ్చే అసలు ముక్క. పాకే దూరం రెట్టింపైతే పట్టే టైము రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. దూరం పది రెట్లయితే టైము వంద రెట్లు. 1905లో ఐన్‌స్టీన్, నీళ్లలో కనిపించే సన్నటి నలుసులు అటూ ఇటూ తడబడటానికి లెక్క కడుతూ దీన్ని తేటగా చూపించాడు. ఒక్కో అణువు తాగినవాడి నడక నడుస్తుంది. ఒక అడుగు ముందుకి, ఒకటి పక్కకి, ఇంకోటి వెనక్కి. కాబట్టి దగ్గరికి తొందరగానే పోతుంది, దూరం పోవాలంటే యుగాలు పడుతుంది. కదలని నీళ్లలో ఉప్పు 1 మిల్లీమీటరు పాకటానికి సుమారు 5 నిమిషాలు. 1 సెంటీమీటరుకి 9 గంటలు. 10 సెంటీమీటర్లకి నెల పైన. ఒక మీటరుకి పదేళ్లు! మంచినీళ్లలోనే ఇదీ సంగతి.

గట్టి లోహంలో కూడా ఈ పాకుడు ఉందంటే నమ్ముతారా? గ్రాహం చివరి రోజుల్లో లండన్ టంకశాలకి పెద్ద. ఆయన దగ్గర సహాయకుడిగా చేరిన కుర్రాడే తర్వాత పేరు మోసిన రాబర్ట్స్ ఆస్టిన్. ఈయన సీసం కడ్డీ కింద బంగారం పెట్టి, సీసం కరగనంత వేడిలో ఉంచాడు. బంగారం గట్టి సీసంలోనే పైకి పాకింది. 1896లో ఆ కొలతలు బయటపెట్టాడు. వేడి చేయకుండా మామూలు గదిలో నాలుగేళ్లు ఉంచిన ముక్కల్లో కూడా బంగారం కాస్తంత పైకెక్కిందని 1900లో రాశాడు. వేడి ఎక్కువైతే పాకుడు ఎక్కువ, చలి అయితే తక్కువ. ఈ మాట గుర్తుంచుకోండి, నా మొక్కజొన్న దగ్గరికి వచ్చినప్పుడు కావాలి.

మనుషుల ప్రాణం కాపాడిందీ ఈ వాలే. 1861లో గ్రాహం ఒక సంగతి గమనించాడు. పార్చ్‌మెంటు కాగితం లాంటి పొరలోంచి ఉప్పు, పంచదార దూరిపోతాయి, జిగురు, గుడ్డు తెల్లసొన లాంటివి దూరలేవు. ఇలా వేరు చేయటానికి ఆయన పెట్టిన పేరే డయాలసిస్. మూత్రంలోంచి యూరియాని ఇలాగే విడదీసి చూపించాడు. అవును, మనం కట్టలు కట్టలు చల్లే యూరియానే. ఎనభై ఏళ్ల తర్వాత, 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న హాలెండులో విలెం కోల్ఫ్ అనే డాక్టరు సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ము చుట్టూ చుట్టి, రోగి రక్తాన్ని అందులో తిప్పి శుద్ధి చేశాడు. మొదట్లో చాలామంది బతకలేదు. 1945లో ఒక పెద్దావిడ బతికింది. ఈ రోజు మా ఊరి నుంచి కూడా వారానికి మూడుసార్లు బస్సెక్కి డయాలసిస్‌కి పోయేవాళ్లున్నారు. ఆ మిషన్లో పొరకి అవతల ద్రవాన్ని ఎప్పటికప్పుడు మారుస్తూనే ఉంటారు. ఎందుకంటే అవతలా ఇవతలా సమానమైతే వాలు పోతుంది, విషం బయటికి రావటం ఆగిపోతుంది.

ఇక పొలానికి వద్దాం. మొక్క వేరు నేలలో తిండి ఎలా తెచ్చుకుంటుంది? అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని పర్‌డ్యూ యూనివర్సిటీలో స్టాన్లీ బార్బర్ అనే భూసార శాస్త్రవేత్త 1962లో దీన్ని విడమర్చి చెప్పాడు. వేరు పెరుగుతూ తనే పోయి తగిలి తెచ్చుకునేది కొంత. మొక్క నీళ్లు లాగినప్పుడు ఆ నీళ్లతో కొట్టుకొచ్చేది కొంత. మిగతాది విసరణతో పాకి వచ్చేది. నత్రజని ఎక్కువగా నీళ్లతో కొట్టుకొస్తుంది, అందుకే యూరియా వేసి తడిపెడితే నాలుగు రోజుల్లో పైరు పచ్చబడుతుంది. భాస్వరం అలా కాదు. మట్టి రేణువులకి అంటుకుపోతుంది, నీళ్లలో ఉండేది బహు కొంచెం. వేరు పక్కనున్నది తినేస్తే అక్కడ గాఢత తగ్గి వాలు ఏర్పడుతుంది. ఆ వాలు మీద భాస్వరం మట్టి రేణువుల సందుల్లో, సన్నటి నీటి పొరలో, వంకర టింకరగా పాకుతూ రావాలి. ఆ పాకుడు ఒక పంట కాలంలో కొన్ని మిల్లీమీటర్లు మించదు. వేరు చుట్టూ మిల్లీమీటరో రెండో ఖాళీ అయితే, ఆ అవతల ఎంత ఉన్నా మొక్కకి లేనట్టే. పై మట్టి మొత్తంలో వేళ్లు ఆక్రమించే చోటు నూటికి ఒక వంతు దగ్గర్లో ఉంటుంది మరి.

ఇప్పుడు అర్థమైంది కదా నాకేం జరిగిందో. కార్డు అబద్ధం చెప్పలేదు. నేలలో భాస్వరం ఉంది. చలికి పాకుడు మందగించింది, చలికే వేళ్లు కూడా సాగలేదు. నేను పైన చల్లిన మూడు కట్టలు పై అంగుళంలోనే ఉండిపోయాయి, వేళ్లు కిందున్నాయి. ఎండ ముదిరాక వేళ్లు సాగి తిండి దొరికింది. నా మూడు కట్టలకి అందులో భాగం లేదు.

ఇంకో మాట. ఆ కార్డు మీద అంకె వెనక మన తెలుగువాడు ఒకాయన గుర్తుకొస్తాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో ఫిస్కేతో కలిసి, రక్తంలో మూత్రంలో భాస్వరం ఎంతుందో నీలి రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి 1925లో ప్రచురించారు. భూసార పరీక్షలో భాస్వరానికి వచ్చే నీలం కూడా మాలిబ్డినం ఇచ్చే ఆ జాతి నీలమే. ఆ నీలం నేలలో ఎంతుందో చెప్తుంది. వేరుకి ఎంత దూరంలో ఉందో మాత్రం చెప్పదు. ఆ రెండో సంగతి చూసుకోవాల్సింది మనమే.

మా నాన్న గొర్రుతో విత్తేవాడు. జడ్డిగంలో విత్తనం పోస్తూ ఒకరు, వెనకాల సాల్లో పిడికిళ్లతో ఎరువు వదులుతూ మా అమ్మ. "చల్లితే సరిపోదా, నడుము నొప్పి కదమ్మా" అంటే, "చల్లింది కలుపు తింటుందిరా, సాల్లో వేసింది పైరు తింటుంది" అనేది. మా అమ్మ ఫిక్ పేరు వినలేదు. ట్రాక్టరు వచ్చాక మనం చల్లటం మొదలెట్టాం, తేలిక కాబట్టి.

రెండేళ్లుగా నేను మళ్లీ సాల్లోనే వేస్తున్నాను. విత్తనానికి రెండంగుళాలు పక్కగా, రెండంగుళాలు కిందగా. మరీ ఆనించి వేయకండి, ఎరువు ఉప్పుకి మొలకలోని నీరు బయటికి లాగేసి మొలక మాడిపోతుంది. అదీ వాలే, మనకి ఎదురు తిరిగిన వాలు. భాస్వరాన్ని పైపాటుగా వేయటం మానేశాను. కార్డులో "ఎక్కువ" అని ఉంటే వ్యవసాయాధికారిని అడిగి మోతాదు తగ్గిస్తున్నాను. ఊదారంగు కనిపిస్తే చలి ఉందా, తేమ ఉందా, వేరు ఎలా ఉందో ఒక మొక్క పీకి చూస్తున్నాను. ఆ తర్వాతే జేబులో చెయ్యి పెడుతున్నాను.

మూడు కట్టలకి 4,050 రూపాయలు, దాని మీద వడ్డీ. నేను ఈ పాఠం రెండోసారి నేర్చుకోవటానికి కట్టిన ఫీజు అది. మీరు కట్టకండి. ఈసారి ఎరువు చల్లేముందు చేత్తో కాసింత మట్టి తీసి చూసుకోండి. వేరు ఎక్కడుంది, మీరు వేయబోయేది ఎక్కడ పడుతుంది, మధ్యలో ఎన్ని మిల్లీమీటర్లు. భాస్వరం అంతకంటే ఎక్కువ పాకలేదు. మిగతా దూరం మనమే మోసుకెళ్లి పెట్టాలి.