‘95% ప్లేస్‌మెంట్స్’ అంటే వందలో 95 మందికి ఉద్యోగం వచ్చినట్టేనా?

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు చేతికొచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఉన్నది కొద్ది రోజులే. ఈలోగా ఫోన్‌లో కాలేజీల మెసేజ్‌లు, రోడ్డు మీద హోర్డింగులు: ‘95% ప్లేస్‌మెంట్స్’, ‘హయ్యెస్ట్ ప్యాకేజీ 40 లక్షలు’. ఈ అంకెలు అబద్ధమే కానక్కర్లేదు. కాకపోతే 95 శాతం అంటే ‘ఎంతమందిలో?’ అన్నది హోర్డింగ్ మీద ఉండదు. నాలుగేళ్ల ఫీజు కట్టబోయేది మీరు కాబట్టి ఆ లెక్క మీరే తీసుకోవాలి. దాన్ని తీయడం కష్టమేమీ కాదు.

ఒక ఊహాజనిత కాలేజీని తీసుకుందాం. మొదటి సంవత్సరంలో 600 మంది చేరారు. డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో మరో 60 మంది చేరారు. మొత్తం 660. వీరిలో బ్యాక్‌లాగ్‌లు లేకుండా సమయానికి డిగ్రీ పూర్తిచేసినవారు 480. ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు నమోదు చేసుకుని, మార్కుల కటాఫ్ దాటినవారు 300. ఉద్యోగం వచ్చింది 270 మందికి.

కాలేజీ 270ని 300తో భాగిస్తుంది. 90 శాతం! డిగ్రీ పూర్తిచేసిన 480 మందితో భాగిస్తే అదే 56 శాతం. చేరిన 660 మందితో భాగిస్తే 41 శాతం. ఉద్యోగాలు అవే, పిల్లలూ వాళ్లే. కొన్నిచోట్ల మనుషులను కాకుండా ఆఫర్లను లెక్కేస్తారు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడూ జమే.

అసలు లెక్క ఎక్కడ దొరుకుతుంది?

కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు ఇస్తోంది. అందరూ ర్యాంకు చూసి వదిలేస్తారు. దానికంటే విలువైంది ర్యాంకు కోసం కాలేజీ ఇచ్చిన డేటా పీడీఎఫ్. ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెబ్‌సైట్‌లో ఇంజినీరింగ్ జాబితా తెరిస్తే, ర్యాంకు వచ్చిన కాలేజీ పేరు పక్కనే ఆ ఫైల్ కనిపిస్తుంది. ర్యాంకు రాకపోయినా, దరఖాస్తు చేసిన కాలేజీ ఆ డేటాను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. కాలేజీ పేరుతో పాటు ‘ఎన్‌ఐఆర్‌ఎఫ్ డేటా’ అని గూగుల్ చేస్తే చాలాసార్లు నేరుగా దొరుకుతుంది.

అందులో ‘ప్లేస్‌మెంట్ అండ్ హయ్యర్ స్టడీస్’ అనే పట్టిక దగ్గర ఆగండి. ఎంతమంది చేరారు, లేటరల్ ఎంట్రీలో ఎందరు వచ్చారు, గడువులోగా ఎందరు డిగ్రీ పూర్తిచేశారు, ఉద్యోగం ఎందరికి వచ్చింది, మీడియన్ శాలరీ ఎంత, పైచదువులకు ఎందరు వెళ్లారు అన్నవన్నీ మూడు బ్యాచ్‌లకు వరుసగా ఉంటాయి.

పైచదువుల గడిని దాటేయొద్దు. మన దగ్గర బీటెక్ అవ్వగానే ఎంఎస్ కోసం అమెరికా విమానం ఎక్కేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లను ఉద్యోగం రానివాళ్లుగా లెక్కేయడం కాలేజీకి అన్యాయం. మన ఉదాహరణలో పైచదువులకు 40 మంది వెళ్లారనుకుంటే, 440 మందిలో 270 మందికి, అంటే 61 శాతానికి ఉద్యోగం వచ్చినట్టు. మిగిలిన 170 మంది ఏమయ్యారో పట్టిక చెప్పదు. గ్రూప్స్‌కి చదువుతూ ఉండొచ్చు, అమీర్‌పేటలో ఏదో కోర్సులో చేరి ఉండొచ్చు.

ఈ 170 లాంటి అంకెలు చిన్నవి కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో విడుదల చేసిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో దేశంలోని యువ గ్రాడ్యుయేట్లలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. చదువు దండగని దీనర్థం కాదు. చదువుకోనివాళ్లలో ఎక్కువమందికి ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు, దొరికిన పనిలో దిగాల్సిందే. డిగ్రీ ఉన్నవాళ్లు దానికి తగ్గ ఉద్యోగం కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపుల ఖర్చు ఇంట్లోవాళ్లదే.

ప్యాకేజీ సంగతి

తొమ్మిది మందిలో ఒకరికి 40 లక్షలు, మిగతా ఎనిమిది మందికి మూడున్నర లక్షల చొప్పున వచ్చాయనుకోండి. హయ్యెస్ట్ 40 లక్షలు. సగటు ఏడున్నర లక్షలు దాటుతుంది. జీతాలను వరుసలో పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూస్తే మూడున్నర లక్షలు. అదే మీడియన్. మీ అబ్బాయికో అమ్మాయికో రాగలిగిన జీతానికి దగ్గరగా ఉండేది ఇదే. అయితే ఉద్యోగం వచ్చినవాళ్ల జీతాలే ఇందులోకి వస్తాయి. పైగా ప్యాకేజీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం కూడా కలిపేస్తుంటారు. నాలుగు లక్షలను పన్నెండుతో భాగించి నెలకు 33 వేలు చేతికొస్తాయనుకోవద్దు.

ఈ పట్టికకూ లోపాలున్నాయి. అంకెలు ఇచ్చేది కాలేజీయే. బ్రాంచ్‌లన్నీ కలిపేసి ఉంటాయి కాబట్టి సీఎస్‌ఈ ఉద్యోగాల చాటున సివిల్, మెకానికల్ దాగిపోతాయి. బ్రాంచ్‌ల వారీ లెక్క కాలేజీ దగ్గర ఉంటుంది. ఎన్‌బీఏ గుర్తింపు ఇచ్చేది బ్రాంచ్‌కే కాబట్టి, దానికి దరఖాస్తు చేసినప్పుడు ఆ బ్రాంచ్ ప్లేస్‌మెంట్ వివరాలు సమర్పించాలి. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు అవి చూపించమనండి. ప్లేస్‌మెంట్ ఆఫీసర్ కాస్త ఇబ్బంది పడొచ్చు, పడనివ్వండి.

ఒక్క ఏడాది అంకె చూసి నిర్ణయించుకోవద్దు. 2021-22లో ఐటీ కంపెనీలు జోరుగా నియామకాలు చేశాయి, తర్వాత తగ్గించాయి. ఆ బ్యాచ్ అంకెను ఇప్పటికీ బ్రోచర్‌లో చూపించే కాలేజీ ఉంటే, కింది వరుసలు కూడా అడగండి. ఆఫర్ లెటర్ వేరు, ఉద్యోగంలో చేరడం వేరు. 2022లో పాసైనవారిలో కొందరిని కంపెనీలు రెండేళ్ల దాకా ఆపి చేర్చుకున్నాయి.

ఎవరు నిజంగా చేరారో చూడాలంటే లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీకి వెళ్లి ‘అల్యూమ్నీ’ నొక్కండి. పాసైన సంవత్సరం, చదివిన బ్రాంచ్ ఎంచుకుంటే ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో కనిపిస్తుంది. అందరికీ అకౌంట్ ఉండదు కాబట్టి పూర్తి లెక్క రాదు. మీరు అనుకుంటున్న బ్రాంచ్‌లో రెండేళ్ల క్రితం పాసైన ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టి, జాబ్ క్యాంపస్‌లోనే వచ్చిందా, బయట ప్రయత్నించారా అని అడగండి. వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యేలోపు ఒక్కరైనా జవాబిస్తారు.