కోయిలకొండ ప్రమాణ శాసనం

నారాయణపేటకు తూర్పున ఉన్న కోయిలకొండ మధ్యయుగ దక్కన్‌లో పేరెన్నికగన్న గిరిదుర్గం. ఈ ప్రాంతానికి దక్షిణాన కృష్ణానది, ఆవల రాయచూరు అంతర్వేది. ఆ సారవంతమైన భూమికోసం బహమనీ సుల్తానులు, విజయనగర రాయలు, తరువాత ఆదిల్‌షాహీలు తరతరాలు పోరాడారు. ఈ యుద్ధాలను రెండు మతాల మధ్య పోరాటంగా చిత్రించడం పరిపాటి అయింది. కోయిలకొండ శాసనం అందుకు భిన్నమైన సాక్ష్యం ఇస్తున్నది.

1543లో గోల్కొండ పాలకుడు సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. కుమారుడు జంషీద్ సింహాసనమెక్కగా, అతని తమ్ముడు ఇబ్రాహీం ప్రాణభయంతో పారిపోయి, చివరకు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయం పొందాడు. సుమారు ఏడేండ్లు ఆ ఆస్థానంలోనే గడిపాడు. 1550లో జంషీద్ మరణించాడు. అతని పసికుమారుణ్ణి గద్దెపై కూర్చోబెట్టగా ఇబ్రాహీం తిరిగివచ్చి రాజ్యం చేపట్టాడు. అతనికి అండగా నిలిచినవారిలో కోటలను కాపాడే స్థానిక సైనికులైన నాయక్వాడీలు ముఖ్యులు. తాము ఇబ్రాహీంకు విధేయులమై ఉంటామని కోయిలకొండవారు చేసిన ప్రమాణం అదే సంవత్సరం శాసనంగా వెలసింది. ఆ శాసనం తెలుగులో ఉన్నది.

ఈ సంగతి ప్రాముఖ్యం ఇంగ్లండు చరిత్రతో పోల్చిచూస్తే విశదమవుతుంది. 1066లో ఆ దేశాన్ని జయించిన నార్మన్ రాజు విలియం 1086లో సాలిస్‌బరీ వద్ద భూస్వాములచేత విధేయతా ప్రమాణం చేయించాడు. కాని పాలకుల భాష ఫ్రెంచి. ప్రజల భాష ఇంగ్లీషు. న్యాయస్థానాలలో వాదనలు ఇంగ్లీషులో సాగాలనే చట్టం 1362లో గాని రాలేదు. కుతుబ్‌షాహీ రాజ్యంలో మాత్రం రెండవ తరానికే తెలుగు కోటగోడ ఎక్కింది, సాహిత్యసభనూ చేరింది. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానా’న్ని ఇబ్రాహీంకు, పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగు ‘యయాతి చరిత్ర’ను అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చారు.

అయితే చరిత్రను తీపిచేసి చెప్పడం న్యాయం కాదు. 1565లో రామరాయలపై కత్తిదూసిన సుల్తానులలో ఆయన ఆశ్రయమిచ్చిన ఇబ్రాహీం కూడా ఉన్నాడు. ఆశ్రయమిచ్చినప్పుడు మతం అడ్డురాలేదు. యుద్ధం వచ్చినప్పుడు పాత చెలిమీ అడ్డురాలేదు. రెండుచోట్లా నడిపించింది రాజ్య ప్రయోజనమే. అలాగే శాసనం కోటవారి మాటను చెబుతుంది గాని, పొలం దున్నే రైతు, మగ్గం నేసే సాలె మనసులోని మాటను చెప్పదు.

ఏమైనా ఒక్క సత్యం నిలుస్తున్నది. పరదేశంనుండి వచ్చిన వంశం ఈ నేలపై వేళ్లూనింది కేవలం ఖడ్గబలంతో కాదు; స్థానికుల నమ్మకంతో, స్థానికుల భాషతో.