షల్గం నుంచి గుమ్మడికాయ దాకా: ఇంట్లో కుట్టిన హాలోవీన్ వేషాల తారీఖ్

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలకి అక్టోబర్ వచ్చిందంటే ఒక సవాల్ తప్పదు. కిండర్‌గార్టెన్ చదివే పిల్ల బడి నుంచి ఒక కాగితం పట్టుకొస్తుంది. 31న క్లాసులో పరేడ్ ఉంది, పిల్లలకి నచ్చిన వేషం వేసి పంపండి అని అందులో ఉంటుంది. పిల్లకి ఖుషీ, అమ్మీకి ఫికర్. అబ్బా రాత్రి హైదరాబాద్‌కో గుంటూరుకో ఫోన్ చేసి, "మామూ, ఇది జాయజేనా?" అని అడుగుతాడు.

ఫత్వా ఇవ్వడం నా పని కాదు. దానికి ఉలమా ఉన్నారు, వాళ్లలో చాలామంది వద్దనే అంటారు. ఆ మాట దాచను. అయితే ఔనన్నా కాదన్నా, దేని గురించి అంటున్నామో తెలిసి అనడం మంచిది. మన మొహల్లాల్లో దీని గురించి రెండు మాటలు తిరుగుతుంటాయి. ఒకటి, అది షైతాన్ పూజ అని. రెండోది, అదంతా చాక్లెట్ కంపెనీల తమాషా అని. తారీఖ్ తిరగేస్తే ఈ రెండు మాటలకీ దక్కే భాగం తక్కువే. ఎక్కువ భాగం పేదిళ్లది, పాత బట్టలది, కత్తెర పట్టుకున్న తల్లులది.

పేరు, పుట్టుక

ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల కెల్ట్ ప్రజలకి నవంబర్ 1 చలికాలానికి మొదటి రోజు. పంట ఇంటికి చేరేది, పశువులు కొండ మీది నుంచి దిగొచ్చేవి. ఆ పండుగని సావిన్ అనేవారు. ఆ రాత్రి ఈ లోకానికీ అవతలి లోకానికీ మధ్య పరదా పల్చబడుతుందని మధ్యయుగం నాటి ఐరిష్ కథలు చెబుతాయి. అంతకుముందు ఏం జరిగేదో ఆ ప్రజలే రాసిపెట్టిన దాఖలా లేదు. కాబట్టి రెండు వేల ఏళ్ల కిందటి బలులు, పూజలు అంటూ వీడియోల్లో యకీన్‌గా చెప్పే మాటల్ని కాస్త ఆగి వినాలి.

తొమ్మిదో శతాబ్దంలో పోప్ నాలుగో గ్రెగరీ కాలంలో నవంబర్ 1 క్రైస్తవ వలీల దినంగా స్థిరపడింది. తర్వాత నవంబర్ 2 మరణించిన వాళ్లందరి రూహ్‌ల కోసం దువా చేసే రోజు అయింది. పాత ఇంగ్లీషులో హాలో అంటే పవిత్రుడు, ఈవెన్ అంటే సాయంత్రం. ఆ రెండూ కలిసి స్కాట్లండ్ వాళ్ల నోట్లో హాలోవీన్ అయ్యాయి. అంటే ఈ పేరు ఒక క్రైస్తవ పర్వదినం ముందురోజు సాయంత్రానిది.

రూహ్‌ల కోసం రొట్టె

మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఈ రోజుల్లో గరీబులు, పిల్లలు ఇంటింటికీ వెళ్లేవారు. ఆ ఇంట్లో పోయినవాళ్ల మగ్‌ఫిరత్ కోసం దువా చేస్తామనేవారు. ఇంటివాళ్లు చిన్న గుండ్రటి రొట్టె చేతిలో పెట్టేవారు. దాని పేరే సోల్ కేక్, అంటే రూహ్ రొట్టె. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ దేశం అయ్యాక ఈ అకీదాని చర్చి కాదంది. అయినా రివాజు అంత తొందరగా పోలేదు. చెషైర్, ష్రాప్‌షైర్ పల్లెల్లో 19వ శతాబ్దం దాకా పిల్లలు పాట పాడుకుంటూ ఆపిల్ పళ్లు, కేకులు అడుగుతూనే ఉన్నారు.

ఇది చదువుతుంటే మన ఇళ్లలో షబె బరాత్ నాటి హల్వా, ఫాతిహా, ఖబరస్తాన్‌కి వెళ్లిరావడం గుర్తొస్తుంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లకి ఇంకొకటి కూడా గుర్తురావచ్చు. ఎమిరేట్స్‌లో షాబాన్ నెల నడుమ హఖ్ అల్ లైలా అని, కువైట్, బహ్రెయిన్‌లలో రంజాన్ నడుమ గర్గియాన్ అని పిల్లలు మంచి బట్టలు వేసుకుని, గుడ్డసంచి మెడకి తగిలించుకుని, పాటలు పాడుతూ బాదం, అక్రోట్, మిఠాయి పోగుచేసుకుంటారు. వీటిలో ఒకటి ఇంకొకదాని నుంచి పుట్టిందని నేను అనడం లేదు. చీకటి పడ్డాక పిల్లలు గుమ్మం ముందు నిలబడితే ఖాళీ చేతులతో పంపకూడదన్న మర్యాద చాలా కౌముల్లో ఉందని మాత్రమే అంటున్నాను.

పాత కోటు, పొయ్యి మసి

వేషం అసలు స్కాట్లండ్, ఐర్లండ్ వాళ్లది. పిల్లలు మొహానికి మసి పూసుకునేవారు. తండ్రి పాత కోటుని తిరగేసి తొడుక్కునేవారు. తల్లి శాలువా, గడ్డితో కట్టిన టోపీ, గుడ్డకి కన్నాలు పెట్టిన ముసుగు, ఇంట్లో ఏది ఉంటే అది. ఖర్చు సున్నా. పొరుగువాళ్లు గుర్తుపట్టకూడదు, అదే ఆట. ఉత్తినే ఏమీ దొరకదు, ఒక పాటో పద్యమో జోకో వినిపించాలి. అప్పుడే ఆపిల్ పండో, గింజలో, చిల్లరో చేతిలో పడేది. స్కాట్లండ్‌లో చాలామంది పెద్దవాళ్లు ఇప్పటికీ పిల్లల్ని ముందు పాట పాడమనే అడుగుతారు.

వాళ్ల చేతిలో దీపం గుమ్మడికాయ కాదు, షల్గం. అంటే టర్నిప్. గట్టి దుంపని చెంచాతో తొలిచి, కళ్లూ పళ్లూ చెక్కి, లోపల కొవ్వొత్తి ముక్క పెట్టేవారు. ఐర్లండ్‌లో మేయో కౌంటీలోని నేషనల్ మ్యూజియంలో అలాంటి దీపం ఒకదాని నమూనా ఉంది. డొనెగల్ కౌంటీ ఫిన్‌టౌన్ ఊరి నుంచి 1943లో అసలుది మ్యూజియంకి చేరింది. ముడతలు పడి, పళ్లు ఇకిలిస్తూ, నేటి నవ్వే గుమ్మడికాయ కంటే పదింతలు భయంకరంగా ఉంటుంది.

1845లో ఐర్లండ్ ఆలుగడ్డ పంటకి తెగులు పట్టింది. ఏడేళ్ల ఖహత్‌లో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువ మంది వతన్ వదిలి వెళ్లారు. లక్షల మంది అమెరికా చేరారు. అక్కడి నేలలో గుమ్మడికాయ సొంత పంట. పెద్దది, మెత్తది, తొలచడం సులువు. షల్గం పని మెల్లగా గుమ్మడికాయకి వచ్చింది. అదే అమెరికాలో, సంతుల రోజులు పాటించని ప్యూరిటన్ల న్యూ ఇంగ్లండ్‌లో ఈ పండుగకి మొదట చోటే లేదు. వలస వచ్చిన గరీబుల వెంట నడిచొచ్చిన రివాజు ఇది.

కాగితం జమానా

20వ శతాబ్దం మొదట్లో ఈ రాత్రి వీధి నుంచి ఇంటి హాల్లోకి వచ్చింది. మసాచుసెట్స్‌లో డెన్నిసన్ అనే కాగితాల కంపెనీ ఉండేది. క్రేప్ కాగితం అమ్ముకోవడానికి 1909లో బోగీ బుక్ అనే చిన్న పుస్తకం వేసింది, 1912 నుంచి ఏటా వేసింది. క్రేప్ అంటే లాగితే సాగే ముడతల రంగు కాగితం. పాత నూలు షమీజు మీద ఆ కాగితాన్ని కుట్టి గౌను చేయడం ఎలా, గబ్బిలం, పిల్లి, గుడ్లగూబ బొమ్మలు కత్తిరించి గోడకి అంటించడం ఎలా అన్నీ అందులో ఉండేవి. పెన్సిల్వేనియాలో బీస్టిల్ కంపెనీ తేనెపట్టులా విచ్చుకునే కాగితపు గుమ్మడికాయలు చేసింది. మీలాద్ రోజుల్లో మన గల్లీల్లో కట్టే రంగు కాగితాల తోరణాలు చూసినవాళ్లకి ఆ ఇళ్లు ఎలా కనిపించేవో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోవైపు వీధిలో కుర్రాళ్ల అల్లరి శ్రుతిమించింది. గేట్లు ఎత్తుకుపోవడం, కిటికీలు పగలగొట్టడం. మిన్నెసోటాలోని అనోకా పట్నం 1920లో పిల్లలకి ఊరేగింపు పెట్టి, మిఠాయి పంచి దారి మళ్లించింది. 1930ల మాంద్యంలో చాలా ఊళ్లలో ఇరుగుపొరుగు ఇదే పద్ధతి పట్టారు. ఎవరి దగ్గరా దావత్ ఇచ్చేంత పైసా లేదు. అందుకని ఒక ఇంట్లో వేషం, ఒక ఇంట్లో ఆట, ఒక ఇంట్లో తిండి అని పంచుకున్నారు. ఇస్తారా, అల్లరి చేయమంటారా అనే ట్రిక్ ఆర్ ట్రీట్ మాట 1927లోనే కెనడాలోని బ్లాకీ అనే చిన్న ఊరి వార్తలో కనిపిస్తుంది. 1942లో చక్కెరకి రేషన్ వచ్చింది, 1947లో పోయింది. ఆ తర్వాతే ఈ రివాజు అమెరికా అంతటా పాకింది.

ఆ మాంద్యం కాలపు ఇంటి వేషానికి బాగా తెలిసిన గుర్తు ఒక నవలలో ఉంది. హార్పర్ లీ 1960లో అచ్చేసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'లో స్కౌట్ అనే చిన్నపిల్లకి బడి నాటకం కోసం వేషం కడతారు. కోళ్లగూటి తీగని వంచి, మీద గోధుమరంగు గుడ్డ కప్పి, ఆ ఊరి పంటల్లో ఒకటిగా ఉప్పు పట్టించిన పంది తొడలా చేస్తారు (మన్నించండి, కథలో అదే ఉంది). ఆ రాత్రి చీకట్లో ఒకడు కత్తితో మీద పడితే, ఆ తీగల వేషమే పిల్ల ప్రాణం కాపాడుతుంది.

దుకాణం వేషం, దుకాణం మిఠాయి

1930ల చివర నుంచి న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని బెన్ కూపర్ లాంటి కంపెనీలు వేషాన్ని డబ్బాలో పెట్టి అమ్మాయి. ఒక పల్చటి ప్లాస్టిక్ ముసుగు, మీద వేసుకునే ఒక చవక అంగీ, ఆ అంగీ మీద ఆ హీరో బొమ్మ. టీవీ వచ్చాక పిల్లలు "నేను మంత్రగత్తెని" అనడం తగ్గి, "నేను ఫలానా హీరోని" అనడం పెరిగింది. ఆ హీరో మొహం కంపెనీ సొత్తు, అమ్మీ కుడితే అచ్చం అలా రాదు. ఇంటి కత్తెర ఓడింది అక్కడే. 1966లో వచ్చిన చార్లీ బ్రౌన్ హాలోవీన్ కార్టూన్‌లో ఆ అబ్బాయి దుప్పటికి కన్నాలు పెట్టబోయి మరీ ఎక్కువ పెట్టేస్తాడు. అందరికీ మిఠాయి, వాడికి రాళ్లు. ఇంటి వేషం అప్పటికే కొంచెం నవ్వులపాలైంది.

ఇంటి వేషంలో ఖతరా లేదని కాదు. క్రేప్ కాగితం, పక్కనే కొవ్వొత్తి. 1940లలో నూగు రేయాన్‌తో చేసిన కౌబాయ్ వేషాలు అంటుకుని పిల్లలు కాలిపోయారు. అవి దుకాణంలో కొన్నవి. అలాంటి హాద్సాల తర్వాతే 1953లో అమెరికా మండే బట్టల మీద చట్టం తెచ్చింది. ఈద్‌కి ఇంట్లో కాగితం ఫానూస్ చేసే తల్లులు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. లోపల పెట్టేది బ్యాటరీ దీపమే.

తర్వాత మిఠాయి వంతు. 1970ల నుంచి అజ్ఞాతంగా ఎవరో మిఠాయిలో జహర్ కలుపుతారన్న భయం పెరిగింది. 1982లో చికాగోలో టైలెనాల్ మాత్రల్లో సైనైడ్ కలిపి ఏడుగుర్ని చంపడంతో ఆ భయం ఇంకా ముదిరింది. జోయెల్ బెస్ట్ అనే సమాజశాస్త్రవేత్త పాత వార్తలన్నీ తవ్వి చూశాడు. ముక్కూమొహం తెలియనివాడు పంచిన హాలోవీన్ మిఠాయితో పిల్లవాడు చనిపోయినట్టు రుజువైన ఒక్క కేసూ దొరకలేదు. అయినా పొరుగింటి ఖాలా కాల్చిన బిస్కెట్, బెల్లంపాకంలో ఉండ చుట్టిన పాప్‌కార్న్ సంచిలోంచి మాయమయ్యాయి. సీలు ఉన్న పొట్లాన్నే నమ్మారు, పొరుగింటి చెయ్యిని నమ్మలేదు.

ఇదే రాత్రి ఇంకో రకంగా కూడా నడిచింది. 1950లో ఫిలడెల్ఫియాలో ఒక పాస్టర్ కుటుంబం పిల్లలకి రంగులేసిన పాల డబ్బాలిచ్చి, మిఠాయి బదులు యూనిసెఫ్ కోసం చిల్లర అడగమంది. మొదటి ఏడు 17 డాలర్లు వచ్చాయి. తర్వాత అది దేశమంతా పాకింది.

మనకి గుచ్చుకునే సంగతి కూడా ఒకటి చెప్పాలి. దుకాణం వేషాల్లో అరబ్ షేక్, సుల్తాన్, హరం కనీజ్ ఎప్పటి నుంచో ఉన్నాయి. మన పిల్ల దాదా రోజూ కట్టుకునే పగిడీ, నానీమా దుపట్టా ఇంకో పిల్లకి ఒక రాత్రి తమాషా. బడిలో అది చూసి మన పిల్ల మౌనంగా ఇంటికి వస్తే, ఆ మౌనం గురించి అడగాలి.

మన ఏలూరు పుస్తకం

"వేషాలేంటి, మన తెహజీబ్‌లో ఉన్నాయా?" అనే పెద్దలకి ఒక పుస్తకం పేరు చెబుతాను. 1832లో లండన్‌లో అచ్చయిన 'ఖానూనె ఇస్లాం'. రాసిన జాఫర్ షరీఫ్ ఏలూరు వాడని చెబుతారు, ఇంగ్లీషు చేసినవాడు హెర్క్‌లాట్స్ అనే డాక్టర్. దక్కన్ ముసల్మానుల రివాజులు అందులో ఉన్నాయి. ముహర్రం రోజుల్లో ఫకీర్ల వేషాల వర్ణనే పేజీల కొద్దీ సాగుతుంది. మజ్నూ ఉన్నాడు, ఒంటికి రంగు పూసుకున్న పులి ఉంది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకి పులివేషం ఇప్పటికీ కడతారు. మన్నత్ ఉన్న ఇళ్లలో పిల్లల్ని ఫకీర్ చేసి, ఆకుపచ్చ బట్ట వేసి, ఇంటింటికీ పంపే రివాజూ ఉంది. దాన్నీ చాలామంది ఉలమా ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా, ఆ బట్ట కుట్టిన చేతులు మన దాదీమాలవే.

కాబట్టి బడి కాగితానికి ఔనని రాసినా కాదని రాసినా, పిల్లకి "అది షైతాన్‌ది" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఖహత్‌లో వతన్ వదిలిన వాళ్లు తెచ్చుకున్న రాత్రి అని చెప్పండి. మన ఇంట్లో ఎందుకు చేయమో, లేదా ఎంతవరకు చేస్తామో కూడా చెప్పండి. వద్దనుకున్న ఇంట్లో కత్తెర, జిగురు, రంగు కాగితాలు అటక ఎక్కనక్కర్లేదు. రంజాన్ చాంద్‌కి ఫానూస్ ఉంది, ఈద్‌కి గుమ్మం తోరణం ఉంది, పొరుగింటికి పంపే షీర్ ఖుర్మా గిన్నె మీద పిల్ల చేత్తో వేసిన నెలవంక ఉంది. ఐదేళ్ల పిల్లకి కావలసింది ఆ సాయంత్రం అమ్మీ తన పక్కన కూర్చుని ఏదో ఒకటి కత్తిరించడం. అది ఏ తారీఖున అన్నది మీ ఇంటి ఫైసలా.